డిక్కీ అద్దం దానంతట అదే పగిలింది, ఎక్కడ వేయించాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. ఆరేళ్ల హ్యాచ్‌బ్యాక్ కారు. గుంటూరు లక్ష్మీపురంలో మీ అపార్ట్‌మెంట్ ముందు ఎండలో పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి ఠప్పుమని శబ్దం. కిందికి దిగి చూస్తే డిక్కీ అద్దం మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోయి ఉంది. రాయి దొరకలేదు, ఎవరూ కొట్టిన ఆనవాలూ లేదు. కంపెనీ వర్క్‌షాప్‌లో అద్దం రావడానికి వారం పడుతుందన్నారు. దగ్గర్లో ఒక షాపతను సిలికాన్ పెట్టి రెండు గంటల్లో వేసిస్తానన్నాడు, రేటు కూడా సగమే. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా, వెనక అద్దం మీద మంచు పోగొట్టే గీతలు (డీఫాగర్) మళ్లీ పనిచేస్తాయా, ఇంట్లోనే వేసుకోవడం కుదురుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా కారు అద్దాల పనే చేస్తున్నానండి. సూటిగా చెప్తున్నాను, సిలికాన్‌తో మాత్రం వేయించకండి. వారం ఆగాల్సి వచ్చినా ఆగండి, లేదా విజయవాడ వచ్చి పీయూ గమ్ముతో, అంటే కారు అద్దాన్ని ఇనుముకు పట్టి ఉంచే జిగురుతో, పద్ధతిగా వేసేవాళ్ల దగ్గర వేయించుకోండి. ఈ పనిలో అద్దం దొరకడం పెద్ద కష్టం కాదు. ఆ అద్దం కూర్చునే ఇనుప అంచు ఎలా ఉంది, దాని మీద గమ్ము ఎలా పడింది, ఆరడానికి ఎంత టైమిచ్చారు అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కింద ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందు ఈరోజు సంగతి. పలుకులు ఊడ్చేసి కారు తీసుకుని వెళ్లిపోదాం అనుకుంటారు, కాస్త ఆగండి. ఏదీ కదిలించకముందే ఫొటోలు తీయండి. నంబర్ ప్లేటు కనిపించేలా ఒకటి, అద్దం పోయిన చోటు దగ్గరగా రెండు, లోపల సీటు మీద పడిన పలుకులతో ఒకటి. క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఫొటోలు లేకుండా శుభ్రం చేసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

తర్వాత చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని అంచున వేలాడుతున్న ముక్కల్ని బయటివైపుకే రాలేలా తట్టండి. ఈ అద్దం పలుకులు కత్తిలా కోయవు కానీ, వాటి మధ్య సూది మొనల్లాంటి సన్నటి పెంకులు ఉంటాయి. పిల్లలు ఎక్కే కారైతే మరీ జాగ్రత్త. వ్యాక్యూమ్ పెట్టినా వెనక సీటు మడతలో, సీటుబెల్టు బకిల్ లోపల, స్పేర్ వీల్ గుంటలో పలుకులు మిగిలిపోతాయి. బకిల్‌లో ఒక్క పలుకు పడినా బెల్టు సరిగ్గా లాక్ కాదు, అందుకే మూడు బకిల్స్‌నీ తలకిందులు చేసి తట్టి, బెల్టు పెట్టి లాగి చూడండి. సీటు గుడ్డకు పట్టుకున్న నలుసుల్ని తీయడానికి మా షాపులో చపాతీ పిండి ముద్ద వాడతాం. గుడ్డ మీద అద్దితే వ్యాక్యూమ్‌కి రానివి కూడా దానికి అంటుకుని వచ్చేస్తాయి. వాడిన ముద్దను కాగితంలో చుట్టి పారేయండి, కుక్కలకు ఆవులకు అందేలా పెట్టకండి.

కారును విజయవాడ తీసుకురావాలంటే సుమారు 35 కిలోమీటర్లు. వెనక మందపాటి పాలిథిన్ షీటు కట్టి రండి. టేపు నేరుగా పెయింట్ మీద అంటించవద్దు, ఈ ఎండకు దాని జిగురు పెయింటులోకి కాగిపోయి లాగినప్పుడు మచ్చ పడుతుంది. ముందు పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు వేసి, దాని మీద బ్రౌన్ టేపు వేయండి. చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. వెనక భాగం తెరిచి బండి నడుపుతుంటే కారు వెనక గాలి ఒత్తిడి తగ్గి సైలెన్సర్ పొగ లోపలికే లాక్కుంటుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన కూడా తెలియదు. షీటు చిరిగితే కాజ టోల్‌ప్లాజా దగ్గర ఆగి మళ్లీ కట్టుకోండి. ముందు అద్దాలు రెండూ దించి ఉంచండి, ఏసీ గాలి బయటి నుంచి తీసుకునేలా పెట్టండి. అద్దం పడేదాకా వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టకండి.

ఇక అద్దం దానంతట అదే ఎందుకు పగిలిందన్నది. మీ వాచ్‌మన్ మీద గానీ పక్కింటి పిల్లల మీద గానీ అనుమానం పెట్టుకోకండి, ఇలా నిజంగానే జరుగుతుంది. కారు ముందు అద్దం, వెనక అద్దం ఒక జాతివి కావు. ముందుది లామినేటెడ్: రెండు అద్దాల మధ్య ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది, రాయి తగిలితే సాలెగూడులా చీలుతుంది కానీ రాలదు. వెనకది ఎక్కువ కార్లలో టెంపర్డ్. అద్దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొరలు ముందు గట్టిపడతాయి, లోపలిది తర్వాత చల్లారి ముడుచుకుంటూ పైపొరల్ని లోపలికి లాగుతుంది. అలా పైన నొక్కుడు, లోపల లాగుడుతో అద్దం ఎప్పుడూ బిగువు మీదే ఉంటుంది. బిగించి కట్టిన నులక మంచం చూశారు కదా, ఎంత బరువైనా మోస్తుంది కానీ ఒక్కచోట తెగితే పట్టంతా వదులైపోతుంది. ఈ అద్దమూ అంతే. మధ్యలో చేత్తో గుద్దినా ఏమీ కాదు, అంచున చిన్న పెచ్చు లేచి అది లోపలి పొరదాకా పోయిందా, క్షణంలో మొత్తం పలుకులవుతుంది.

ఎండ ఒక్కటే మంచి అద్దాన్ని పగలగొట్టదు. టెంపర్డ్ అద్దం మన మే నెల ఎండలకంటే ఎన్నో రెట్లు వేడి తట్టుకుంటుంది. కానీ ఇంతకుముందే అంచున దెబ్బ ఉంటే ఎండ చివరి తోపు తోస్తుంది. డిక్కీలో పొడవాటి సామాను పెట్టి తలుపు గట్టిగా వేసినప్పుడో, వెనక చిన్న గుద్దుడు తగిలి డిక్కీ తలుపు ఒంగినప్పుడో, పాత ఫిట్టింగ్‌లో అద్దం ఇనుముకు ఆనినప్పుడో ఆ దెబ్బ పడి ఉండొచ్చు. అరుదుగా తయారీలోనే నికెల్ సల్ఫైడ్ నలుసు లోపల ఉండిపోయి, కాలక్రమంలో అది ఉబ్బి పగలగొట్టడం కూడా ఉంది. మీ కారుకు ఎప్పుడైనా వెనకనుంచి బైకు తగిలిందా? తగిలి ఉంటే కొత్త అద్దం వేసే ముందు డిక్కీ తలుపు నిటారుగా ఉందో లేదో చూడమని తప్పకుండా చెప్పండి. ఒంగిన ఫ్రేములో కొత్త అద్దం పెడితే అదీ ఇలాగే పోతుంది, రెండుసార్లు నేను కళ్లారా చూశాను.

సిలికాన్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. బాత్రూమ్ టైల్స్ సందుల్లో పెట్టే సిలికాన్ నీళ్లు ఆపడానికి చేసింది, బరువు మోయడానికి కాదు. గుంతల రోడ్ల మీద కారు బాడీ ఎప్పుడూ సన్నగా మెలి తిరుగుతూ ఉంటుంది. అద్దాన్ని ఆ ఇనుముకు పట్టి ఉంచే పని పాలీయూరిథేన్ గమ్ముది, మా భాషలో పీయూ. ఆరాక అది టైరు రబ్బరులా సాగుతుంది, అయినా పట్టు వదలదు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అయితే దాంట్లోంచి ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం గీత పడిన ఇనుముకు తుప్పు కూడా పట్టిస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు తర్వాత వస్తుంది: ఒకసారి సిలికాన్ పూసిన అంచు మీద పీయూ అంటదు. మళ్లీ సరిగ్గా చేయాలంటే ఆ సిలికాన్‌ను కణం కూడా మిగలకుండా గీకాలి, అలా గీకితే పెయింటూ పోతుంది. సగం రేటు పని చేసిపెట్టిన కార్లు మా దగ్గరికి వస్తే ముందు అర పూట గీకడానికే పడుతుంది.

ఇక అసలు పని. మీ కారులో అద్దం పగిలిపోయింది కాబట్టి తీగ పెట్టి కోసి తీయాల్సిన పని లేదు, డిక్కీ అంచు చుట్టూ పాత గమ్ము, దానికి అంటుకున్న పలుకుల వరస మిగిలి ఉంటాయి. మంచి మేస్త్రి ఆ పాత గమ్మును మొత్తం పీకేయడు. పదునైన కత్తితో పైపైన కోసి, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం సమంగా మిగులుస్తాడు. కొత్త పీయూకి అప్పుడే కోసిన పాత పీయూ కంటే మంచి పునాది లేదు. కత్తి జారి పెయింట్ గీసుకుపోతే ఆ గీతకు అక్కడికక్కడే ప్రైమర్ పెట్టాలి. చూడండి, ఆ గీత పెసరగింజంత కూడా ఉండదు, అయినా వదలకూడదు.

ఎందుకు వదలకూడదో నాకు నేర్పింది ఒక పెళ్లి కారు. సొంతంగా షాపు పెట్టుకున్న రెండో ఏడు. ఒకాయన సెడాన్ తెచ్చారు, తెనాలిలో మర్నాడు పెళ్లి, సాయంత్రానికి కారు కావాలన్నారు. పాత గమ్ము కోస్తుంటే కింది అంచు ఎడమ మూల నాలుగు అంగుళాల మేర తుప్పు కనిపించింది. పెయింటర్‌ను పిలిస్తే మర్నాటికి గానీ అవ్వదు. నేను ఉప్పు కాగితంతో రుద్ది, తుడిచి, ప్రైమర్ పూసి, దాని మీదే గమ్ము వేసేశాను. పైకి పని అద్దంలా ఉంది, ఆయన సంతోషంగా వెళ్లారు. శ్రావణం వానల్లో మళ్లీ వచ్చారు. కారు తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన. డిక్కీ మ్యాట్ ఎత్తితే స్పేర్ వీల్ గుంట నిండా నీళ్లు, జాకీ ఎర్రగా తుప్పు పట్టిపోయి ఉంది. అద్దం కోసి తీశాను. గమ్ము పట్టు చెక్కు చెదరలేదు. అది పట్టుకున్న పెయింటే, కింది తుప్పుతో సహా, అప్పడంలా లేచి వచ్చేసింది. తుప్పు మీద ఎంత మంచి గమ్ము వేసినా అది తుప్పునే పట్టుకుంటుంది, ఇనుమును కాదు. ఆ అంచు గీకించి, పెయింటు వేయించి, మూడు రోజులు ఆరబెట్టి, డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసిచ్చాను. నీళ్లలో పాడైన ఆయన మ్యాట్ ఖర్చు కూడా నాదే. ఆరోజు నుంచి అంచున తుప్పు కనిపిస్తే, కస్టమర్ ఎంత తొందరపెట్టినా, కారు ముందు పెయింటర్ దగ్గరికే వెళ్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చి సింగ్‌నగర్ వైపు కార్లు మునిగాయి కదా, అలాంటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే అంచు మరింత శ్రద్ధగా చూడాలి. పైన పాలిష్ మెరుస్తుంది, అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (బీడింగ్) ఎత్తితే కింద బండారం బయటపడుతుంది.

అంచు సిద్ధమయ్యాక గమ్ము లేకుండా అద్దాన్ని ఒకసారి కూర్చోబెట్టి చూడాలి. నాలుగు వైపులా సందు సమంగా వచ్చాక, అద్దానికీ బాడీకీ కలిపి రెండు చోట్ల టేపు అంటించి, సందు దగ్గర బ్లేడుతో కోస్తాం. గమ్ము వేశాక ఆ రెండు టేపు ముక్కలు మళ్లీ ఎదురెదురు వచ్చేలా దించితే అద్దం సరిగ్గా దాని చోట్లోనే పడుతుంది. ఒకసారి గమ్ము మీద దించాక అటూ ఇటూ జరపకూడదు, జరిపితే గమ్ము పాయ చెదిరి సన్నటి దారులు ఏర్పడతాయి, నీళ్లు అక్కడే దూరతాయి.

అద్దం చుట్టూ నల్లటి పట్టీ ఉంటుంది, అందం కోసమని అనుకుంటారు. అది అద్దంతోపాటు కాల్చిన సిరామిక్ రంగు. పీయూ గమ్ముకు ఎండ పడదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని పొడి చేసేస్తాయి. ఆ నల్లపట్టీ గమ్ముకు గొడుగు. ఆ పట్టీ మీద క్లీనర్‌తో తుడిచి, ప్రైమర్ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. తుడిచిన చోట మళ్లీ చేతివేళ్లు పెట్టకూడదు. మధ్యాహ్నం భోజనం చేసి సరిగ్గా కడుక్కోని చెయ్యి పెడితే ఆ నూనె మరక కింద పట్టు ఉండదు. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదటి నెల చెప్పేది ఈ ఒక్క మాటే.

గమ్ము గొట్టం మూతిని వి ఆకారంలో కోస్తే పాయ త్రికోణంగా పడుతుంది. గన్ను నిటారుగా పట్టుకుని, ఎక్కడా ఆపకుండా చుట్టూ ఒకే పాయ వేయాలి. మొదలు, చివర కలిసే అతుకు మూలలో కాకుండా తిన్నగా ఉన్న చోట రావాలి. అద్దం దించి నొక్కినప్పుడు త్రికోణం కొన అణిగి రెండు వైపులా సమంగా పరుచుకుంటుంది. మీరు షాపులో నిలబడి చూడగలిగితే ఈ పాయ ఒక్కటి చూడండి. ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యలో తెగినట్టు కనిపిస్తే అక్కడే ఆపి మళ్లీ వేయమనండి. మొహమాటం వద్దు.

మన ఊళ్ల ఎండ ఇక్కడ కూడా అడ్డం వస్తుంది. బాడీ మీద చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే గమ్ము పైన పొర త్వరగా కడుతుంది, పొర కట్టాక అద్దం దించితే అంటినట్టే ఉంటుంది కానీ అంటదు. అందుకే ఎండాకాలం ఈ పని పొద్దున్నే, నీడలో చేయాలి. గమ్ము గాలిలోని తేమ తాగి ఆరుతుంది, కాబట్టి వానాకాలం ఉక్క దానికి మంచిదే. కానీ అంచు మీద ఒక్క నీటి బొట్టు కూడా ఉండకూడదు. రేకు షెడ్డు లేని చోట, రోడ్డు పక్కన, మబ్బు పట్టిన రోజున వేయించుకోవద్దు.

ఇంకో చిన్న పని మీరే చేయొచ్చు. గమ్ము ట్యూబు మీద ఎక్స్‌పైరీ డేటు చూపించమనండి. మంచి షాపతను అడక్కముందే చూపిస్తాడు. డేటు దాటిన ట్యూబు గన్నులో బిగుసుకుపోయి గడ్డలుగా వస్తుంది. ప్రైమర్ సీసా కూడా ఎప్పుడో తెరిచి అడుగున చిక్కబడి ఉంటే అది వద్దు.

ఎంతసేపు ఆగాలి? అది ట్యూబును బట్టి మారుతుంది. కొన్నిటికి గంట, కొన్నిటికి నాలుగైదు గంటలు ఆగాక నడపొచ్చని దాని మీదే రాసి ఉంటుంది. నడపొచ్చు అంటే పూర్తిగా ఆరిందని కాదు, లోపలిదాకా ఆరడానికి మామూలుగా రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన పడుతుంది. నా కస్టమర్లకు నేను చెప్పేది ఇది: పొద్దున వేస్తే సాయంత్రం తీసుకెళ్లండి, రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు, డిక్కీ తలుపు దబాలున వేయొద్దు. ఒక కిటికీ అద్దం రెండు వేళ్లు దించి ఉంచండి. అన్నీ మూసి ఉన్న కారు తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి వెనక అద్దాన్నే బయటికి తోస్తుంది, పచ్చి గమ్ము ఆ తోపుకు లేస్తుంది. పైన అంటించిన టేపు ముక్కలు చూడ్డానికి బాగోలేవని దారిలోనే పీకేయకండి. మర్నాడు తీయండి.

మూడో రోజు నీళ్ల పరీక్ష చేసుకోండి. ఒకరు లోపల వెనక సీటు మడిచి టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఒకరు బయట పైపుతో ధార మెల్లగా, ముందు కింది అంచు మీద, తర్వాత పక్కలు, చివర పైన పోయాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కడ దూరాయో తెలియదు. ఒక్కో వైపు ఐదు నిమిషాలు. లోపల అంచు వెంబడి టిష్యూ పేపరు నడిపిస్తే చెమ్మ వెంటనే తెలిసిపోతుంది.

వెనక గీతల సంగతి. అవి అద్దం మీద అంటించిన తీగలు కావు, వెండి కలిసిన ముద్దతో అచ్చువేసి కాల్చినవి. కొత్త అద్దంతోపాటే కొత్త గీతలు వస్తాయి. అద్దం కొనేటప్పుడు మీ మోడల్‌లో డీఫాగర్ ఉందా, వైపర్ రంధ్రం ఉందా, రేడియో యాంటెన్నా గీతలు అందులోనే ఉన్నాయా అన్నవి చూసి కొనాలి. ఒకే కారులో చవక వేరియంట్‌కీ పై వేరియంట్‌కీ అద్దం వేరు. టెంపర్డ్ అద్దానికి తర్వాత రంధ్రం పెట్టడం కుదరదు, డ్రిల్లు తగలగానే పలుకులైపోతుంది. వైర్ల క్లిప్పులు తొడిగే రేకు ముక్కలు అద్దానికి సన్నగా అతికి ఉంటాయి, వాటిని పట్టి లాగితే ఊడిపోతాయి. కారు తీసుకునే ముందు డీఫాగర్ వేసి, ఐదు నిమిషాలయ్యాక అద్దం మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా తెలియాలి. మీటరు ఉంటే గీత మధ్యలో బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే ఆరు వోల్టుల దగ్గర చూపించాలి. డిసెంబరు తెల్లవారుజామున మంచులో హైవే ఎక్కే వాళ్లకు ఇది సోకు కాదు, వెనక వచ్చే లారీ కనిపించాలి.

అద్దం మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న నంబరు ఉండాలి. మార్కెట్‌లో ఏఐఎస్, సెయింట్ గోబైన్ అద్దాలు దొరుకుతాయి, కొన్నిటికి కారు కంపెనీ లోగో ఉంటుంది, కొన్నిటికి ఉండదు. లోగో లేనంత మాత్రాన తక్కువది కాదు, గుర్తూ నంబరూ సరిగ్గా ఉండి, ఒంపు అచ్చం కూర్చుంటే చాలు. పాత మోడళ్లకు ఆటోనగర్‌లో పాత కార్ల నుంచి తీసిన అద్దాలు కూడా దొరుకుతాయి. టెంపర్డ్ అద్దం తిరిగి వాడుకోవచ్చు. కానీ చుట్టూ అంచు వెంబడి వేలిగోరు నడిపించి చూడండి, ఎక్కడైనా గోరు తట్టుకుంటే తీసుకోకండి. ఎవరైనా మామూలు కిటికీ అద్దం కోసి పెడతానంటే ఒప్పుకోవద్దు. అది పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది, కారులో సేఫ్టీ గ్లాసే ఉండాలని చట్టం కూడా ఉంది. నల్ల ఫిల్ము విషయంలోనూ అంతే: వెనక అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన. పైగా ఫిల్ము ఎప్పుడైనా పీకితే డీఫాగర్ గీతలు దాంతోపాటే లేచి రావచ్చు.

ఇన్సూరెన్స్. మీది కాంప్రిహెన్సివ్ పాలసీ, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతానికి చేరిందని రాశారు. అద్దం మీద తరుగుదల కోత లేదు. రబ్బరు బీడింగుకు 50 శాతం కోత ఉంటుంది, 1500 సీసీ లోపు కారుకు 1000 రూపాయలు మీ జేబులోంచి తప్పనిసరి. ఇంతవరకు బాగానే ఉంది కదా, కానీ క్లెయిమ్ చేస్తే బోనస్ సున్నాకు పడుతుంది. లెక్క వేసుకోండి. బోనస్ లేకపోతే మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ కారుకు జరిగే నష్టానికి కట్టే భాగం) ఏటా 8,000 అనుకుందాం. ఇప్పుడు సగం, 4,000 కడుతున్నారు. క్లెయిమ్ చేశాక వచ్చే ఏడు 8,000, తర్వాత 20 శాతం తగ్గింపుతో 6,400, ఆపై 6,000, 5,200, 4,400. ఐదేళ్లలో అదనంగా కట్టేది మొత్తం 10,000 రూపాయలు. మీ అద్దం, గమ్ము, కూలి కలిపి దానికంటే తక్కువైతే క్లెయిమ్ చేయకండి, చేతి డబ్బు పెట్టుకోవడమే నయం. బోనస్ కాపాడే యాడ్ ఆన్ మీ పాలసీలో ఉంటే లెక్క మారిపోతుంది, పాలసీ కాగితం తీసి చూడండి. క్లెయిమ్ చేసేట్టయితే మాత్రం వాళ్లకు చెప్పి, వాళ్లు చూశాకే పని మొదలుపెట్టించండి.

ఇంట్లోనే వేసుకోవడం అంటారా, అంబాసిడర్, ఓమ్ని లాంటి పాత బళ్లకు కుదిరేది. వాటికి అద్దం రబ్బరు బీడింగులో కూర్చుంటుంది. రబ్బరు గాడిలో తాడు చుట్టి, సబ్బు నీళ్లు రాసి, ఒకరు బయటనుంచి నొక్కుతుంటే ఒకరు లోపలనుంచి తాడు లాగితే రబ్బరు పెదవి ఇనుము మీదికి ఎక్కి కూర్చుంటుంది. మీ కారుది గమ్ము ఫిట్టింగ్. అద్దం దించేటప్పుడు రెండోసారి అవకాశం ఉండదు, ఇంట్లో వద్దు.

గుంటూరు ఆటోనగర్‌లో కూడా పీయూతో శుభ్రంగా వేసేవాళ్లున్నారు, ముందు అక్కడ అడగండి, 35 కిలోమీటర్లు షీటు కట్టుకుని రావడం తప్పుతుంది. ఫోన్‌లో మూడే అడగండి: ఏ గమ్ము వాడతారు, అంచున తుప్పుంటే ఏం చేస్తారు, కారు ఎన్ని గంటలకు ఇస్తారు. మూడోదానికి "పది నిమిషాల్లో తీసుకెళ్లిపోవచ్చు సార్" అన్నవాళ్ల దగ్గరికి వెళ్లకండి. అక్కడ మీ మోడల్ అద్దం దొరక్కపోతే విజయవాడ రండి, బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు. పొద్దున్న తొమ్మిదికల్లా చేరేలా బయల్దేరండి, ఎండెక్కకముందే గమ్ము పడాలి. వచ్చేటప్పుడు ఆర్సీ ఫొటో తెచ్చుకోండి, ఛాసిస్ నంబరు చూసే అద్దం వేరియంట్ తేల్చాలి. పాత అద్దం ముక్క ఏదైనా అంచున గుర్తుతో సహా మిగిలి ఉంటే పారేయకుండా కవర్‌లో వేసి అది కూడా తెండి.